నూనె గడ్డకట్టిన కథ



ఈ వేళ మీకు ఒక డబ్బా కథ చెబుతాను. పసుపుపచ్చ రేకు డబ్బా, దాని మీద ఆకుపచ్చని చెట్టు బొమ్మ. ఈపాటికి మీలో చాలామందికి పేరు నోట్లోకి వచ్చేసే ఉంటుంది. అవునండీ, డాల్డా డబ్బానే! లోపలి సరుకు అయిపోయినా డబ్బా మాత్రం ఇంట్లోంచి కదిలేది కాదు. ఒకరింట్లో అందులో చింతపండు, ఇంకొకరింట్లో మరమరాలు, పెరట్లో అయితే మట్టి పోసి తులసి మొక్క. ఆ సరుకు అసలు పేరు వనస్పతి. డాల్డా అన్నది ఒక కంపెనీ పెట్టుకున్న వ్యాపారప్పేరు. కాని మనం ఏ కంపెనీ వనస్పతినైనా డాల్డా అనే అన్నాం. ఒక పేరు అంతగా నోట నానిందంటే, ఆ వస్తువు మన పిండివంటల్లోకీ, బేకరీ సరుకుల్లోకీ, మిఠాయి కొట్లలోకీ అంతగా చొరబడిందన్నమాటే గదా.

ఈ కథ ఎందుకు చెప్పాలనిపించిందంటే, చిరుతిళ్ళకీ గుండెకీ ఉన్న సంబంధం గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ళు "నూనె తగ్గించండమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నూనె ఎంత అన్నది ముఖ్యమే, కాదనను. కాని ఆ నూనెని మన ఇంటికి రాకముందు ఏం చేశారు అన్నది అంతకంటే గట్టిగా అడగవలసిన ప్రశ్న. ఆ ప్రశ్నకి సరైన జవాబు దొరకడానికి ప్రపంచానికి తొంభై ఏళ్ళ దాకా పట్టింది. ఆ తొంభై ఏళ్ళూ ఆ సరుకు కొన్నదీ, వండిందీ, వడ్డించిందీ ఆడవాళ్ళే. చివరికి దాని గుట్టు రట్టు చేసిన లెక్కలు కూడా ఆడవాళ్ళు రాసి ఇచ్చినవే. ఆ సంగతి వరసలో చెబుతాను.

ముందు నూనె అన్న మాటనే చూడండి. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయిందంటారు భాష తెలిసినవాళ్ళు. అంటే ఒకప్పుడు మనకి నూనె అంటే నువ్వుల నూనే. కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని మంచినూనె అంటారు. వేరుశనగ మన పంట కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. వచ్చి రాయలసీమ మెట్టల్లో స్థిరపడి మన జంతికల మూకుడులోకి ఎక్కింది. ఈ నూనెలు గిన్నెలో పోస్తే జారుతూ ఉంటాయి, కొన్నాళ్ళు నిలవుంటే పాతనూనె కంపు కొడతాయి. సంక్రాంతికి చేసిన చెక్కలు శివరాత్రి దాకా ఆగవు. ఇంట్లో మనకి అదొక ఇబ్బంది కాదు, అప్పటిదాకా మిగిలితే గదా! కాని ఫ్యాక్టరీలో బిస్కెట్లు చేసి నెలల తరబడి ఊరూరా అమ్ముకోవలసినవాడికి అది పెద్ద ఇబ్బందే. నెయ్యి, వెన్న అయితే గట్టిగా ఉంటాయి, కాని ఖరీదు. చవక నూనెని నెయ్యిలా గట్టిపరచగలిగితే? అక్కడ మొదలైంది కథ.

ఫ్రాన్సులో పాల్ సబాతియే అనే శాస్త్రవేత్త, నికెల్ పొడి సాయంతో కొన్ని పదార్థాలకి హైడ్రోజన్ వాయువుని అతికించవచ్చునని కనిపెట్టారు. దానికి ఆయనకి 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ఆవిరులతో చేసిన పనిని విల్హెల్మ్ నార్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త నూనెలతో చేసి చూశారు. 1902లో జర్మనీలోనూ, మరుసటేడు ఇంగ్లండులోనూ పేటెంటు తీసుకున్నారు. నూనెని మూసిన పాత్రలో బాగా వేడిచేసి, నికెల్ వేసి, హైడ్రోజన్ పంపిస్తే నూనె గడ్డకడుతుంది. ఎంతసేపు పంపిస్తే అంత గట్టి. పూర్తిగా పంపిస్తే మైనం ముక్కలా అయిపోతుంది, తినడానికి పనికిరాదు. అందుకని మధ్యలో ఆపేస్తారు, వేలితో నొక్కితే మెత్తగా దిగేటట్టు. గుర్తుపెట్టుకోండి, తంటా అంతా ఆ సగంలో ఆపడంలోనే ఉంది.

ఎందుకో చెబుతాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, నాకు అర్థమైన రీతిలోనే చెబుతాను. నూనెలోని కొవ్వు పోగులు మామూలుగా మధ్యలో వంకర తిరిగి ఉంటాయి. తుమ్మకంపని మోపు కట్టి చూడండి, ఎంత బిగించినా సందులుంటాయి. అందుకే నూనె గడ్డకట్టదు. చీపురు పుల్లల్ని కట్టండి, ఒకదానికొకటి అతుక్కుని బిగిసిపోతాయి. నెయ్యిలో ఎక్కువ భాగం పోగులు అలా తిన్ననివి. వీటిని సంతృప్త కొవ్వులంటారు. సగం గడ్డకట్టించిన నూనెలో ఏమవుతుందంటే, కొన్ని పోగులు హైడ్రోజన్ పుచ్చుకుని తిన్నబడతాయి. మరికొన్ని పుచ్చుకోకుండానే, ఆ వేడికీ నికెల్‌కీ మెలితిరిగి తిన్నగా అయిపోతాయి. చూడ్డానికి చీపురు పుల్ల, పుట్టుక మాత్రం తుమ్మకంప. వీటి పేరే ట్రాన్స్ కొవ్వు. పాలలో, నెయ్యిలో ఇలాంటివి సహజంగానే కొద్దిగా ఉంటాయి గాని, ఇంత మోతాదులో మనిషి కడుపులోకి వెళ్ళడం అదే మొదలు.

అమెరికాలో సబ్బులూ కొవ్వొత్తులూ చేసుకునే ఒక పెద్ద కంపెనీ, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, పత్తిగింజల నూనెని ఈ పద్ధతిలో గట్టిపరచి 1911లో క్రిస్కో పేరుతో వంటకి దించింది. సబ్బుకి పనికివచ్చే కొవ్వుని ఇల్లాలు వంటింట్లోకి రానిస్తుందా? రానిచ్చేటట్టు చేశారు. వంటల పుస్తకాలు అచ్చువేసి పంచారు. అందులో ప్రతి వంటలోనూ క్రిస్కోయే. ఇది పంది కొవ్వు కాదు, పశువు కొవ్వు కాదు, శుభ్రమైన మొక్క సరుకు అన్నారు. ఆ మాట మీద నమ్మకంతోనే లక్షలమంది తల్లులు పిల్లలకి కేకులూ, బిస్కెట్లూ చేసిపెట్టారు.

మన దేశానికి ఈ గట్టి నూనె మొదట హాలెండు నుంచి ఓడల్లో వచ్చింది. నెయ్యి కొనలేని మధ్యతరగతి వాళ్ళు నెయ్యిలా కనిపించే దీన్ని కొన్నారు. గిరాకీ చూసిన లీవర్ కంపెనీ 1931లో హిందుస్తాన్ వనస్పతి మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టి, బొంబాయిలోని సీవ్రీలో ఫ్యాక్టరీ కట్టి, సరుకు ఇక్కడే తయారుచెయ్యడం మొదలుపెట్టింది. 1937లో డాల్డా అని పేరు పెట్టింది. అంతకుముందు దిగుమతి సరుకుకి దాదా అని పేరుండేదనీ, ఆ పేరు వదులుకోవడం వాళ్ళకిష్టం లేదనీ, లీవర్‌లోని 'ల'ని మధ్యలో ఇరికించి డాల్డా చేశారనీ చెబుతారు.

తర్వాత జరిగిన ప్రచారం మన దేశంలో వ్యాపార ప్రకటనల చరిత్రలోనే ఒక ఘట్టం. సినిమా హాళ్ళలో చూపించడానికి చిన్న చిత్రం తీశారు. డబ్బా ఆకారంలో గుండ్రంగా ఉన్న మోటారు బండి వీధుల్లో తిరిగింది. చదువొచ్చినవాళ్ళకి కరపత్రాలు. రానివాళ్ళకి వీధిలోనే పొయ్యి పెట్టి, డాల్డాలో వేయించిన తినుబండారాలు చేతిలో పెట్టి, వాసన చూడండి, రుచి చూడండి అన్నారు. చూడండి, అమ్మింది డబ్బా, నమ్మించింది చిరుతిండి! అన్నంలో కలుపుకోమంటే ఇది నెయ్యి కాదని నాలుక పట్టేస్తుంది. నూనెలో దేవిన పిండివంటలో ఏ నాలుకా పట్టలేదు. పైగా వేళ్ళకి జిడ్డంటదు, వారం రోజులు ఉన్నా కరకర పోదు. పెళ్ళిళ్ళ వంటవాళ్ళకీ, మిఠాయి కొట్లవాళ్ళకీ అంతకంటే ఏం కావాలి?

మనవాళ్ళు ఊరుకున్నారా అంటే, ఊరుకోలేదు. గాంధీగారు 1946లో హరిజన్ పత్రికలో వనస్పతికి వ్యతిరేకంగా రాశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో దీన్ని నిషేధించాలని పార్లమెంటులో వాదోపవాదాలు జరిగాయి. నిషేధించకపోతే కనీసం రంగైనా కలపండి, నెయ్యిలో కల్తీ చేస్తే కనబడుతుంది అన్నారు. తగిన రంగే దొరకలేదు. దానికి ముందే చేసిన ఒక ఏర్పాటు నాకు మహా ముచ్చటగా ఉంటుంది. 1947 నాటి ఉత్తర్వు ప్రకారం వనస్పతి చేసే ప్రతివాడూ అందులో నూటికి 5 పాళ్ళయినా నువ్వుల నూనె కలిపి తీరాలి. ఎందుకంటే నువ్వుల నూనెకి ఒక ఆమ్ల పరీక్షలో ఎర్రరంగు వస్తుంది. నెయ్యిని తెచ్చి పరీక్ష చేస్తే ఎరుపెక్కిందా, కల్తీ దొరికిపోయినట్టే. నూనె అన్న మాటకే మూలమైన మన మంచినూనె, చివరికి ఆ డబ్బాలో పోలీసు ఉద్యోగం చేసిందన్నమాట!

కాని ఒక్కటి గమనించండి. ఆ గొడవంతా ముఖ్యంగా నెయ్యి పరువు గురించి. అసలు నెయ్యి ఏది, నకిలీ ఏది, పాడి రైతు ఏమైపోవాలి అన్నది ప్రశ్న. తింటే ఒంటికి మంచిదేనా అని అనుమానపడ్డవాళ్ళున్నారు. గుండె రక్తనాళాల మాట మాత్రం ఆ వాదనలో ముందుకి రాలేదు. ప్రభుత్వం ఎ విటమిన్ కలపమంది, కలిపారు. దానితో చాలామందికి మనసు కుదుటపడింది.

గుండె మాట వేరే చోట మొదలైంది. 1948లో అమెరికాలో ఫ్రామింగ్‌హాం అనే ఊళ్ళో 5,209 మందిని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ గుండెజబ్బు ఎవరికి, ఎందుకు వస్తోందో చూడడం మొదలుపెట్టారు. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కే గుండెపోటు రావడంతో ఇంటింటా అదే మాటయింది. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1958 నుంచి ఏడు దేశాల తిండితీరులు పోల్చి, వెన్న, మాంసం వంటి సంతృప్త కొవ్వులు కొలెస్ట్రాల్ని పెంచుతాయనీ, దాన్నిబట్టి గుండెజబ్బులు పెరుగుతున్నాయనీ చెప్పారు. అందులో చాలా నిజం ఉంది, ఇప్పటికీ డాక్టర్లు కాదనరు. కాని దాని వల్ల జరిగిన విడ్డూరం ఏమిటంటే, వెన్న మానమన్నారు గనక జనం వెన్న మాని మార్జరిన్ పట్టుకున్నారు. మార్జరిన్ అంటే మళ్ళీ ఆ గడ్డకట్టించిన నూనే! పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. దాన్ని గుండెకి మంచిదని చెప్పి అమ్మారు కూడాను.

ఆ హోరులో ఒక్క గొంతు వేరుగా పలికింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కమరో అనే ఆయన 1957లోనే, చనిపోయినవారి శరీర భాగాల్లో ఈ ట్రాన్స్ కొవ్వు పేరుకుని ఉందని సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన మాత్రం వదల్లేదు. 2009లో, తొంభయి నాలుగేళ్ళ వయసులో, దీన్ని తీసెయ్యండని అమెరికా ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. జవాబు రాకపోతే 2013లో కోర్టుకెక్కారు. 2015లో ప్రభుత్వం, సగం గడ్డకట్టించిన నూనెలు తిండిలో సురక్షితమని ఇక అనలేమని తీర్మానించింది. 2017లో ఆయన నూట రెండేళ్ళ వయసులో కన్నుమూశారు. అరవై ఏళ్ళు ఒక్క మాట మీద నిలబడిన ఆ ముసలాయన్ని తలుచుకుంటే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంతకీ రుజువు ఎలా దొరికింది? మనకి ఈ సరుకు పంపించిన హాలెండులోనే మొదటి గట్టి రుజువు దొరికింది. 1990లో మెన్సింక్, కటాన్ అనే ఇద్దరు 34 మంది ఆడవాళ్ళకీ 25 మంది మగవాళ్ళకీ మూడు రకాల భోజనాలు, ఒక్కొక్కటి మూడేసి వారాలు పెట్టి రక్తం పరీక్షించారు. ట్రాన్స్ కొవ్వు తిన్న వారాల్లో చెడు కొలెస్ట్రాల్ పెరిగింది, సంతృప్త కొవ్వు తిన్నప్పుడు పెరిగినట్టే. అది చాలదన్నట్టు మంచి కొలెస్ట్రాల్ తగ్గింది. రక్తనాళాల గోడల్లో కొవ్వు పేర్చేది పెరగడం, దాన్ని ఊడ్చి తీసుకుపోయేది తగ్గడం. మురుగు పెరిగి, చీపురు పోయినట్టు. మామూలు సంతృప్త కొవ్వు రెండో పని ఇలా చెయ్యదు.

ఇప్పుడు ఆడవాళ్ళ లెక్క చెబుతానన్నాను గదా. అమెరికాలో 1976లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. అందులో ఉన్నవాళ్ళంతా నర్సులు. వాళ్ళని ఎన్నుకోవడంలో ఒక తెలివి ఉంది. నర్సయితే ప్రశ్నకి జవాబు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తుంది, రోగం పేరు సరిగ్గా రాస్తుంది. ఏమేం తింటున్నారో, ఎన్నిసార్లు తింటున్నారో ఓపిగ్గా రాసి పంపారు. అలా 85,095 మంది స్త్రీల ఎనిమిదేళ్ళ లెక్కలు కూడితే, 1993లో వాల్టర్ విలెట్, ఆయన తోటివారు ప్రకటించిన సంగతి ఇది: ట్రాన్స్ కొవ్వు అందరికంటే ఎక్కువ తిన్న వర్గంలో, అందరికంటే తక్కువ తిన్నవారితో పోలిస్తే, గుండెజబ్బు ఒకటిన్నర రెట్లుంది. ఏవేవి తినేవాళ్ళకి ఎక్కువ ముప్పో కూడా తేలింది. మార్జరిన్, బిస్కెట్లు, కేకులు, తెల్ల బ్రెడ్డు. విందులూ వేపుడు మాంసాలూ కావు సుమండీ, సాయంత్రం టీలోకి కొరికే తిండి! ఎనభయి అయిదు వేల మంది ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు ఈదుకుంటూ కాగితాలు నింపి పంపకపోతే ఈ సంగతి ఇంకెన్నాళ్ళకి తెలిసేదో. 2006 నాటికి ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు, రోజూ తినే కాలరీల్లో నూటికి రెండు పాళ్ళు ట్రాన్స్ కొవ్వు నుంచి వచ్చినా గుండెజబ్బు ముప్పు 23 శాతం పెరుగుతుందని లెక్క తేల్చారు.

ఆ తరువాత చట్టాల కథ. దాన్ని తొందరగానే దాటేస్తాను. మొదట కళ్ళు తెరిచింది డెన్మార్క్. 2003లో, ఏ కొవ్వులోనూ నూటికి 2 పాళ్ళకి మించి ఇది ఉండరాదంది. అమెరికా 2006లో ప్యాకెట్టు మీద ఎంతుందో రాయమంది గాని, ఒక వడ్డనలో అర గ్రాముకి లోపుంటే సున్నా అని వేసుకోవచ్చంది. వ్యాపారులు వడ్డనని చిన్నది చేసుకుంటే సరిపోయె! మన దగ్గర 2009లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు బజారు వనస్పతులు పరీక్షిస్తే, డెన్మార్క్ హద్దుకి అయిదు నుంచి పన్నెండు రెట్లున్నట్టు తేలింది. మన ఆహార ప్రమాణాల సంస్థ మెల్లమెల్లగా హద్దు దించుకుంటూ వచ్చి, 2021లో 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం చేసింది. వంట నూనెలకీ, వనస్పతికే కాదు, వాటితో చేసిన తినుబండారాలకీ ఆ హద్దు వర్తిస్తుంది. డాల్డా పేరు కూడా 2003లోనే చేతులు మారి బంగే కంపెనీకి వెళ్ళిపోయింది.

మన హైదరాబాదు మాట చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో మెకారిసన్ గారు ఒకే ఒక గదిలో ప్రారంభించినది. 1958లో హైదరాబాదు తరలివచ్చింది. అక్కడ డాక్టర్ గఫూరున్నీసా గారు మనవాళ్ళ తిండిలోని కొవ్వుల మీద, ఈ ట్రాన్స్ కొవ్వు మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఒకే నూనె పట్టుకుని కూర్చోకుండా నూనెలు మార్చి వాడుకోమనీ, వనస్పతి దూరం పెట్టమనీ ఆ సంస్థ చెబుతూ వచ్చింది. రెండు వేల కాలరీల భోజనంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకి 27 గ్రాములు చాలునంటారు వాళ్ళు. అంటే సుమారు ఆరు చిన్న చెంచాలు. పోపుకీ కూరకీ పోగా చిరుతిండికి ఎంత మిగులుతుందో మీరే కొలిచి చూసుకోండి.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. ఇంట్లో జంతికలు వేయిస్తే మూకుట్లో నూనె కూడా ఇలాగే మారిపోతుందా అని. ఒకసారి వేయించినంత మాత్రాన వేరుశనగ నూనె వనస్పతి అయిపోదు. దానికి నికెల్ కావాలి, హైడ్రోజన్ కావాలి. కాని కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచి, నల్లబడి నురగ కట్టేదాకా వాడితే వేరే చెడు పదార్థాలు పుడతాయి. వాటికి కూడా 2018 జూలై నుంచి హద్దు పెట్టారు, నూటికి 25 పాళ్ళు దాటితే ఆ నూనె పారబొయ్యాలి. బజ్జీల బండి దగ్గర ఆ లెక్క కట్టేదెవరు చెప్పండి? ఇంట్లో చేసిన పకోడీ బండి మీది పకోడీ కంటే మేలని మా అత్తగారు అనేవారు. ఆవిడ శుభ్రం గురించి అన్నారు గాని, నూనె లెక్కలోనూ మాట నిలిచింది.

ఇప్పుడింకొకటి. ట్రాన్స్ కొవ్వు తీసెయ్యమన్నారు, తీసేశారు. మరి బిస్కెట్టు గుల్లగా ఎలా విరుగుతోంది? పఫ్ పొరలు పొరలుగా ఎలా వస్తోంది? గట్టి కొవ్వు ఏదో ఒకటి ఉండాలి గదా. దాని స్థానంలోకి ఎక్కువగా వచ్చింది పామాయిల్. హైడ్రోజన్ పని లేకుండానే అది సగం గట్టిది, ఎందుకంటే అందులో ఇంచుమించు సగం పాళ్ళు సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో అయిదో వంతు లోపే ఉంటుంది. నెయ్యిలో అయితే సగానికి మించే, అందుకని నెయ్యి వేసి చేసిన మైసూర్ పాక్‌కి ఏమీ దోషం లేదని నేను అనడం లేదు. ట్రాన్స్ కొవ్వు కంటే పామాయిల్ నయమే. కాని ప్యాకెట్టు ముందు పెద్దక్షరాలతో 'ట్రాన్స్ ఫ్యాట్ సున్నా' అని ఉన్నంత మాత్రాన లోపలి సరుకు గుండెకి హితవని కాదు. వెనక్కి తిప్పి సంతృప్త కొవ్వు ఎంతో చూడాలి.

ప్యాకెట్టుంటే తిప్పి చూస్తాం. తూకానికి కట్టిచ్చే మిక్చరు, కారప్పూస, బేకరీ అద్దాల బీరువాలో వేడివేడిగా పెట్టిన పఫ్, వీటికి చీటీ ఎక్కడుంటుంది? చట్టం వాటికీ ఉంది, చీటీయే లేదు. అడగడమొక్కటే దారి. మా వీధి చివర బేకరీలో నేనొకనాడు అడిగాను, "పఫ్ పొరలకి ఏం వాడతావు బాబూ?" అని. ఆ అబ్బాయి ఏమీ విసుక్కోకుండా "మార్జరినేనమ్మా, చూడండి" అని లోపలికెళ్ళి అట్టపెట్టెతో సహా పట్టుకొచ్చాడు. ట్రాన్స్ కొవ్వు 2 శాతం లోపు అని దాని మీద ఉంది. దాని కింద దేనితో చేశారో రాసి ఉంది గాని, ఆ అక్షరాలకి నా కళ్ళద్దాలు చాలలేదు. పక్కనే ఉన్న మా అమ్మాయి వంగి చదివింది, "పామాయిలేనమ్మా" అని.